తెరుచుకోని అర

పోయిన నెల ఒక సాయంత్రం. కరెంటు పోయి వచ్చి పావుగంట అయ్యుంటుంది. మా మనవరాలు మిద్దె మీది గదిలోంచి దిగి వచ్చింది. చేతిలో నల్లటి చిన్న పెట్టె, దానికి వేలాడుతూ ఒక వైరు. ముఖం చూస్తే ఏడుపు గొంతులోనే ఆగి ఉంది.

"తాతా, హార్డ్ డిస్కు తెరుచుకోలేదు. ఫార్మాట్ చేయమంటా ఉంది. చేసేదా?"

"వద్దు తల్లీ. ఆ పెట్టెను బల్ల మీద పెట్టి నా పక్కన కూర్చో. ఇంకేమీ నొక్కొద్దు."

అందులో ఏముందో నాకు తెలుసు. ఆ పిల్ల తెలుగు ఎమ్మే చదువుతోంది. రెండేళ్లుగా సెలవు దొరికితే చాలు, పాకాల, ఐరాల, పూతలపట్టు, కార్వేటినగరం పక్క పల్లెలకు పోయి ముసలమ్మల దగ్గర పాటలు రికార్డు చేస్తోంది. చెనక్కాయలు ఒలుస్తూ పాడేవి, వరినాట్లలో పాడేవి, బిడ్డను ఉయ్యాల్లో వేసి పాడేవి. మొత్తం 212 పాటలు. పాడినవాళ్లలో ఇద్దరు ఇప్పుడు లేరు. కంప్యూటర్లో చోటు చాలడం లేదని ఒక్కొక్కటీ ఈ పెట్టెలోకి మార్చుతూ వచ్చింది. చివరి నాలుగు పాటలు మార్చుతుండగా కరెంటు పోయింది.

"కాపీ చేసినావా, కట్ చేసినావా?"

"కట్ చేసినా తాతా."

నేను మారు మాట్లాడలేదు. తప్పు జరిగిందని ఆ పిల్లకు నాకంటే ముందే తెలుసు. నేను చెప్పాల్సింది వేరే ఉంది. తెరుచుకోకపోవడం వేరు, పోవడం వేరు. ఈ రెంటికీ మధ్య చాలా దూరం ఉంది. ఆ దూరంలో మనం ఓపికగా నడిస్తే పోయిందనుకున్నది చాలావరకు తిరిగి వస్తుంది.

"మన పక్క పల్లె ఒకటి తీసుకో" అన్నాను. "ఊరి భూమంతా డిస్కు అనుకో. కొలిచి, రాళ్లు పాతి, భాగాలు చేసినారు. ఆ భాగాలే పార్టిషన్లు. ఏ భాగం ఎక్కడ మొదలై ఎందాకా పోతుందో చూపే ఊరి పటం ఉంది. అది పార్టిషన్ టేబుల్. ఒక్కో భాగంలో ఏ సర్వే నంబరు ఎవరిది, ఎన్ని ఎకరాలు, ఏ పంట, ఇదంతా అడంగల్‌లో ఉంటుంది. ఆ అడంగల్ లాంటిదే ఫైల్ సిస్టం పట్టిక. అక్కడ నిలబడి ఉన్న తోతాపురి చెట్లు నీ పాటలు. వానకు అడంగల్ తడిసి ముద్దయిందనుకో. చెట్లు పోతాయా?"

"పోవు."

"ఊరికి కొత్తగా వచ్చినవాడు ఆ పుస్తకం తిప్పి చూసి, ఇందులో ఏమీ లేదు, ఇది బీడు, కొత్తగా కొలిచి రాళ్లు పాతనా అని అడిగితే?"

ఆ పిల్ల నల్లపెట్టె వైపు చూసింది. కంప్యూటరు అడిగింది సరిగ్గా అదే. దానికి చెట్లు కనబడవు, పుస్తకమే కనబడుతుంది. త్వరగా అయ్యే ఫార్మాట్ పాత పుస్తకం తీసేసి కొత్తది పెడుతుంది. చెట్లు అప్పటికి నిలిచే ఉంటాయి గానీ, వాటి మీద కొత్త నాటు పడటం మొదలైతే ఒక్కొక్కటే పోతుంది. పూర్తి ఫార్మాట్ ఇంకా కఠినం. విండోస్ విస్టా నాటి నుంచి అది ప్రతి గడిలోనూ సున్నాలు రాస్తుంది. అంటే తోటంతా దున్నేసినట్టే.

మౌంట్ కావడం లేదు అంటారే, ఆ మాట వెనక ఒక బరువు పని ఉంది. పెద్ద కంప్యూటర్ల కాలంలో టేపు చుట్టలనూ, డిస్కుల దొంతరలనూ మనుషులే మోసుకొచ్చి యంత్రం మీదికి ఎక్కించేవాళ్లు. ఎక్కించడమే మౌంట్ చేయడం. 1956లో ఐబీఎం తెచ్చిన రామాక్ యంత్రంలో రెండడుగుల వెడల్పు పళ్లేలు 50 ఉండేవి. బరువు దాదాపు ఒక టన్ను. అందులో పట్టేది 50 లక్షల అక్షరాలు. మా మనవరాలి రికార్డింగు అర నిమిషానికి అంత చోటు తీసుకుంటుంది. ఇప్పుడు ఎక్కించే పని ఆపరేటింగ్ సిస్టం చేస్తోంది. డిస్కు తగిలించగానే మొదటి గడి చదువుతుంది, పటం చూస్తుంది, అడంగల్ మొదటి పేజీ తిప్పుతుంది. అన్నీ ఒకదానికొకటి సరిపోతేనే లోపలికి దారి ఇస్తుంది. మొదటి పేజీ చదవలేకపోతే తలుపు దగ్గరే నిలబడిపోతుంది.

ఆ మొదటి గడి ఎంత చిన్నదో తెలుసా? పాత పద్ధతి డిస్కుల్లో 512 బైట్లు. అందులో 446 బైట్లు కంప్యూటరును లేపే సూచనలకు, 64 బైట్లు పటానికి. ఒక్కో పార్టిషన్‌కు 16 చొప్పున నాలుగింటికి అంతే చోటు. చివరి రెండు బైట్లు ముద్ర. వెయ్యి జీబీల డిస్కులో ఇట్లాంటి గళ్లు దాదాపు 195 కోట్లు. వాటిలో ఆ మొదటి గడి ఒక్కటి చెడితే మిగిలిన 195 కోట్ల గళ్లలో ఏముందో ఎవరికీ తెలియనట్టు అయిపోతుంది.

ఈ సంగతి తెలిసినవాళ్లు కాబట్టే ఫైల్ సిస్టం రాసినవాళ్లు నకళ్లు పెట్టారు. కొత్త పద్ధతి అయిన జీపీటీలో పటం డిస్కు మొదట్లో ఒకటి, చివర ఒకటి ఉంటుంది. కొండ పైన ఒకటి, కొండ కింద ఒకటి పెట్టినట్టు. లైనక్స్ వాడే ఈఎక్స్‌టీ4లో సూపర్ బ్లాక్ అనే ముఖ్యమైన పేజీ నకళ్లు డిస్కు పొడుగునా అక్కడక్కడా దాచి ఉంటాయి. మామూలుగా మొదటి నకలు 32,768వ బ్లాకులో దొరుకుతుంది. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్ఎస్‌లో అడంగల్ పేరు ఎంఎఫ్‌టీ. దాని మొదటి నాలుగు పద్దులకు వేరే చోట నకలు ఉంటుంది. పార్టిషన్ మొదటి గడి అయిన బూట్ సెక్టారుకు నకలు అదే పార్టిషన్ చిట్టచివరి గడిలో ఉంటుంది.

"ఇన్ని నకళ్లు ఉండీ కరెంటు పోతే ఎందుకు చెడింది తాతా?"

మా నాయన చిత్తూరులో బెల్లం మండీ గుమాస్తా. ఆయన దగ్గర రెండు పుస్తకాలు ఉండేవి. రైతు బెల్లం దించగానే ముందు చిట్టాలో రాసేవాడు, ఏ వేళకు ఎవరు, ఎన్ని దిమ్మలు, ఏ ధర అని. రాత్రి దీపం పెట్టుకుని చిట్టా చూస్తూ ఆవర్జాలో ఎవరి పేజీలో వాళ్ల పద్దు ఎక్కించేవాడు. మధ్యలో దీపం ఆరినా భయం లేదు. చిట్టా చూసి ఎక్కడ ఆగాడో అక్కడి నుంచి ఎక్కిస్తాడు. ఎన్‌టీఎఫ్ఎస్, ఈఎక్స్‌టీ4 చేసేదీ ఇదే. ముందు జర్నల్‌లో రాసుకుని తర్వాత అసలు పట్టికలో ఎక్కిస్తాయి. కరెంటు పోయి వచ్చినా మామూలుగా ఏమీ కాకపోవడానికి కారణం ఈ చిట్టానే.

అయితే చిట్టా కాపాడేది లెక్క పొంతనను. ఆవర్జా పేజీయే చిరిగిపోతే చిట్టా ఏం చేస్తుంది? పెట్టెలోని పళ్లెం సెకనుకు 90 చుట్లు తిరుగుతుంటుంది. దాని మీద చదివే, రాసే తల కొన్ని నానోమీటర్ల ఎత్తులో తేలుతుంటుంది. మన తలవెంట్రుక మందం 80 వేల నానోమీటర్ల పైమాటే. అట్లా తేలుతూ అడంగల్ పేజీ రాస్తున్న తలకు ఉన్నట్టుండి కరెంటు ఆగింది. ఆ చోట ఉన్న కొన్ని గళ్లు చదవడానికి వీల్లేకుండా పోయాయి.

ముందు పెట్టెను చెవి దగ్గర పెట్టుకుని ఒక్కసారి కరెంటు ఇచ్చాం. సన్నగా గిర్రుమంది, అంతే. నాకు ఊపిరి వచ్చింది. టక్ టక్ మని లెక్కగా కొట్టుకునే చప్పుడు వినబడి ఉంటే వెంటనే తీసేసి, దుమ్ములేని గదిలో డిస్కు విప్పగలిగిన వాళ్లకు అప్పగించేవాణ్ణి. తల పళ్లేన్ని గీకుతుంటే తిరిగే ప్రతి చుట్టులోనూ కొంత పోతుంది. అట్లాంటి పెట్టెను ఇంట్లో బాగు చేయాలని చూడకూడదు.

తర్వాత చేసిన పనికి ఒకటే సూత్రం. చెడిన డిస్కు మీద ఒక్క అక్షరం కూడా రాయకూడదు. రిపేరు చేసే చెక్ డిస్క్ లాంటి ప్రోగ్రాంలు పట్టికను సరిచేసే పేరుతో తమకు అర్థం కాని పద్దులను కొట్టేస్తాయి. రోగి ఒంటి మీద కొత్త మందు ప్రయత్నించకూడదు కదా. నకలు తీసి, నకలు మీదే వైద్యం చేయాలి. పక్కింటి వాళ్ల దగ్గర 2 టీబీల ఖాళీ డిస్కు అడిగి తెచ్చాం. పెన్ డ్రైవు నుంచి లైనక్స్ నడిపి, పాత డిస్కు మీద ఏదీ రాయకుండా చూసుకుని, జీఎన్‌యూ వాళ్ల డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాం మొదలుపెట్టాం. ఆంటోనియో డియాజ్ డియాజ్ రాసిన ప్రోగ్రాం అది.

అది పనిచేసే తీరు మామిడికాయలు కోసేవాడి తీరే. తెలిసినవాడు ముందు చేతికి అందే కాయలు కోస్తాడు. తర్వాత చిక్కం కట్టిన గడతో అందేవి. విరుగుతుందేమోనన్న కొమ్మ మీదికి చిట్టచివర ఎక్కుతాడు. విరిగినా అప్పటికి కాయలన్నీ గంపలో ఉంటాయి. డీడీరెస్క్యూ కూడా అంతే. చదవగలిగిన గళ్లన్నీ ముందు గబగబా చదివేస్తుంది, మొండికేసిన చోటు వస్తే గుర్తు పెట్టుకుని దాటిపోతుంది, అన్నీ అయ్యాక వెనక్కి వచ్చి ఆ చోట్లను కొద్దికొద్దిగా గీకుతుంది. మామూలుగా ఫైళ్లు కాపీ చేస్తే మొదటి చెడ్డ గడి దగ్గరే నిలబడి, అదే కొమ్మను ఊపి ఊపి విరగ్గొట్టుకుంటాం.

సెకనుకు 10 కోట్ల బైట్లు చొప్పున మా వెయ్యి జీబీల డిస్కులోని లక్ష కోట్ల బైట్లు చదవాలంటే పది వేల సెకన్లు, దగ్గర దగ్గర మూడు గంటలు. మొండి గళ్లకు ఇంకా ఎంతసేపో. యంత్రాన్ని దాని పనికి వదిలి మిద్దె మీద చాప వేసుకున్నాం. మా మిద్దె మీది నుంచి తిరుమల కొండ కనిపిస్తుంది. ఘాట్ రోడ్డు దీపాలు మెలికలు తిరిగి పైకి పోతున్నాయి. అది చూస్తుంటే నాకు తాళ్లపాక అర గుర్తొచ్చింది.

"మన ఊళ్లోనే ఇట్లాంటి డిస్కు ఒకటి మూడు వందల ఏళ్లకు పైగా తెరుచుకోకుండా ఉండింది, తెలుసా?" అన్నాను.

తాళ్లపాక అన్నమాచార్యులు 1408 నుంచి 1503 దాకా బతికినవాడు. రాజంపేట దగ్గరి తాళ్లపాకలో పుట్టి, చిన్నతనంలోనే కొండకు వచ్చాడు. 32 వేల సంకీర్తనలు చెప్పాడని ఆయన మనవడు చిన్నన్న రాసిన చరిత్ర చెబుతోంది. తాటాకు ఎన్నాళ్లు ఉంటుంది? పురుగు తింటుంది, తేమ తింటుంది. కొడుకు పెదతిరుమలాచార్యులు ఆ పాటలను రాగిరేకుల మీద చెక్కించి, శ్రీవారి ఆలయం లోపలే ఒక చిన్న రాతి అరలో భద్రం చేశాడు. సంకీర్తన భండారం అన్నా, తాళ్లపాక అర అన్నా అదే. ఆ పక్కన తండ్రీకొడుకుల రాతి బొమ్మలు కూడా చెక్కించారు. రాగి తుప్పుపట్టి పొడి కాదు, చెద పట్టదు. ఆ కాలానికి దాన్ని మించిన హార్డ్ డిస్కు లేదు.

తర్వాత విజయనగరం చెదిరింది, కాలం మారింది. పాడేవాళ్లు తగ్గారు. ఆ అరలో ఏముందో జనానికి గుర్తులేకుండా పోయింది. రేకులు ఉన్నచోటే ఉన్నాయి. వాటి దాకా దారి చూపే జ్ఞాపకం తెగిపోయింది. మౌంట్ కాని డిస్కు అంటే ఇదే కదా.

"ఎవరూ తెరవలేదా తాతా?"

ఒకాయన వాకబు చేశాడు. ఏ.డి. క్యాంబెల్ అనే కంపెనీ దొర తెలుగు వ్యాకరణం రాస్తూ, కొండ మీద గుడిలో వేల రాగిరేకులు ఉన్నాయని విని, ఒక మనిషిని పంపి పరిశీలింపజేశాడు. ఆయనకు కావలసింది వ్యాకరణం. అందులో దొరికిన ఒక వ్యాకరణ గ్రంథానికి నకలు రాయించుకున్నాడు. మిగిలినవన్నీ దేవుడి మీద స్తోత్రాలేనని 1816లో అచ్చయిన తన పుస్తకం ముందుమాటలో రాసి వదిలేశాడు. వేల పాటలు కళ్ల ముందు ఉన్నాయి. వెతికింది వాటిని కాదు కాబట్టి అవి కనబడలేదు. డేటా వెతికే ప్రోగ్రాంలలో కూడా ఏ రకం ఫైళ్లు కావాలో ముందే గుర్తు పెట్టాలి. ఫొటోలకు మాత్రమే గుర్తు పెట్టి వెతికితే పాటల మీదుగా నడిచి వెళ్లిపోతుంది.

మరో నూరేళ్లకు, 1922 ప్రాంతంలో ఆ రేకులు మళ్లీ వెలుగులోకి వచ్చాయి. దేవస్థానం శాసనాలు చదివిన సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, ఆ తర్వాత వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ లాంటి పెద్దలు వాటి మీద ఏళ్ల తరబడి కూర్చున్నారు. రెండు వేలకు పైగా రేకులు. పాతకాలపు చెక్కుడు అక్షరం, మాటకూ మాటకూ మధ్య ఎడం లేని వరుస. చదివి, విడదీసి, నకలు రాసి, అచ్చు వేస్తే దాదాపు 14 వేల దాకా సంకీర్తనలు చేతికి వచ్చాయి.

"ఎక్కడ ఒక పాట అయిపోయి ఇంకోటి మొదలయ్యేదీ ఎట్లా తెలిసింది?"

మంచి ప్రశ్న. పాట మొదట్లో రాగం పేరు చెక్కి ఉంటుంది. తర్వాత పల్లవి, చరణాలు. పాట ముగియబోతుండగా వేంకటేశుడి పేరు వస్తుంది. అదే అన్నమయ్య ముద్ర. రేకులు తలకిందులుగా పడి ఉన్నా, పట్టిక ఏదీ లేకపోయినా, చదవడం వచ్చినవాడు పాటకు తల ఎక్కడో, కాళ్లు ఎక్కడో పట్టుకోగలడు. ఎందుకంటే ఆనవాలు పెట్టె మీద కాకుండా పాటలోనే ఉంది. ఇప్పటికీ అచ్చు పుస్తకాల్లో ప్రతి కీర్తనకూ ఏ రేకు, అందులో ఎన్నోది అని నంబరు వేస్తారు.

ఒక్కటి మాత్రం తిరిగి రాలేదు. రాగం పేరు రాశారు గానీ స్వరం రాయలేదు. అన్నమయ్య ఏ పల్లవిని ఎట్లా ఎత్తుకున్నాడో రేకుల్లో లేదు. పాడేవాళ్ల గొంతుల్లో ఉండింది, గొంతులతోనే పోయింది. రాళ్లపల్లివారు నూటికి పైగా పాటలకు కొత్తగా స్వరం కట్టారు. 1978లో దేవస్థానం అన్నమాచార్య ప్రాజెక్టు పెట్టింది. గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ వందల పాటలకు స్వరం కట్టి ఇంటింటికీ చేర్చారు. ఇప్పుడు మనం పాడుకునే స్వరాలు చాలావరకు ఈ కాలం వాళ్లు ఇచ్చినవే. రాసిందల్లా నాలుగు వందల ఏళ్లు దాటి వచ్చింది. రాయనిది నిలవలేదు.

ఆ పిల్ల చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "నా దగ్గర స్వరం ఉంది తాతా. గొంతు ఉంది. పాడిన ఊరి పేరు, పాడినామె పేరు, అవన్నీ ఫైలు పేర్లలోనే రాసినా."

ఫైలు పేర్లు ఉండేది అడంగల్‌లో. చిరిగింది ఆ పేజీలే.

తెల్లవారేసరికి నకలు పూర్తయింది. చదవలేక వదిలేసింది నలభై కిలోబైట్ల పైచిలుకు. లక్ష కోట్లలో నలభై వేలు. పాత డిస్కు తీసి అల్మారాలో పెట్టి తాళం వేశాం. ఇక నకలు మీద టెస్ట్‌డిస్క్ నడిపాం. ఫ్రాన్సు వాడైన క్రిస్టోఫ్ గ్రెనియే రాసిన ప్రోగ్రాం, డబ్బు కట్టక్కర్లేదు. అది పార్టిషన్‌ను గుర్తుపట్టింది. ఎంఎఫ్‌టీ మొదటి పద్దులు చెడ్డాయని చెప్పి, నకలు పద్దులు బాగున్నాయి, వాటితో సరిచేయనా అని అడిగింది. చేయమన్నాం. ఎంఎఫ్‌టీలో ప్రతి పద్దూ ఫైల్ అనే నాలుగు ఇంగ్లీషు అక్షరాలతో మొదలవుతుంది. ఎన్ని పేజీలు చిరిగినా, మిగిలిన పద్దులను ఆ నాలుగక్షరాలు పట్టి ఇస్తాయి. తలుపు తెరుచుకుంది. 183 పాటలు, పేర్లతో సహా, పెట్టిన చోటే ఉన్నాయి.

మిగిలిన 29 పాటల పద్దులు చెడ్డ గళ్లలో ఇరుక్కుపోయాయి. ఇక్కడ రేకుల పద్ధతి పనికొచ్చింది. టెస్ట్‌డిస్క్‌కు తోడుగా గ్రెనియేనే రాసిన ఫొటోరెక్ అనే ప్రోగ్రాం ఉంది. పేరు ఫొటోలదే అయినా అది వందల రకాల ఫైళ్లను వెతుకుతుంది. అది అడంగల్ అడగదు. తోటలోకి దిగి, వరుసగా నడుస్తూ, ఏ చెట్టు ఏదో ఆకును బట్టి చెబుతుంది. జేపెగ్ ఫొటో ఎప్పుడూ ఎఫ్ఎఫ్ డి8 అనే రెండు బైట్లతో మొదలై ఎఫ్ఎఫ్ డి9తో ముగుస్తుంది. రాగం పేరు, ముద్ర ఉన్నట్టే. మా మనవరాలి రికార్డింగులు వేవ్ ఫైళ్లు. వాటి తలలో రిఫ్ అనే నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, ఆ వెంటనే మొత్తం ఫైలు ఎంత పొడుగో చెప్పే అంకె ఉంటాయి. తల దొరికితే కాళ్లు ఎక్కడో లెక్క కట్టొచ్చు. ముక్కలు ముక్కలుగా చెదిరి ఉంటే కష్టమయ్యేది. ఖాళీ డిస్కులో ఒకదాని పక్కన ఒకటి రాసినవి కాబట్టి గుత్తులు గుత్తులుగా దొరికాయి. దొరికినవన్నీ ఇంకో డిస్కులో దాచాం. వెతికే చోటే దాచితే ఇంకా దొరకాల్సిన వాటి మీద రాసినట్టు అవుతుంది.

ఇరవై అయిదు పాటలు వచ్చాయి. నాలుగు రాలేదు. కరెంటు పోయిన క్షణంలో మారుతున్నవి అవే. కంప్యూటరు రాసేశాను అని తెరమీద చూపిస్తుంది గానీ, నిజానికి కొంతసేపు మెమరీలోనే పట్టుకుని ఉంటుంది. కరెంటు పోతే చేతిలోది చేతిలోనే పోతుంది.

"కంప్యూటర్లో చెరిపేసిన చోటు ఉంది కదా తాతా. అక్కడ చెట్లు ఇంకా ఉంటాయి కదా?"

నేను చెప్పలేక చెప్పాను. ఆ కంప్యూటర్లో ఉన్నది తిరిగే పళ్లేల డిస్కు కాదు, ఎస్ఎస్‌డీ. అందులో ఫైలు చెరపగానే ఆపరేటింగ్ సిస్టం ట్రిమ్ అనే ఆజ్ఞ పంపుతుంది, ఈ చోటు ఇక అక్కర్లేదు అని. ఎస్ఎస్‌డీ తనంతట తానే ఆ చోటు తుడిచి, కొత్త రాతకు సిద్ధం చేసుకుంటుంది. వేగానికి అది మంచిదే. పోయినదాన్ని వెతికేవాడికి మాత్రం అక్కడ తోట ఉండదు, చదును చేసిన మన్నే ఉంటుంది. తాళం వేసి గుప్తంగా రాసిన డిస్కుల సంగతీ ఇంతే. తాళంచెవి పోతే ప్రతి బైటూ చేతిలో ఉన్నా అర్థం కాదు. ఏది తిరిగి వస్తుందో ఎంత నమ్మకంగా చెబుతామో, ఏది రాదో కూడా అంతే సూటిగా చెప్పాలి. ఆ నాలుగూ పోయాయి. అదృష్టం, ఆ నాలుగు పాటలు పాడినామె బాగున్నారు. మళ్లీ పాడమని అడగొచ్చు.

వచ్చిన ఇరవై అయిదింటికీ పేర్లు లేవు. ఎఫ్ అక్షరం, పక్కన పొడుగాటి అంకె. ఆ అంకె ఏమిటో తెలుసా? ఏ గడిలో దొరికిందో ఆ గడి నంబరు. రేకు నంబరు వేసినట్టే.

అప్పుడు మొదలైంది శాస్త్రులవారి పని. నేనూ, ఆ పిల్లా, వాళ్ల అవ్వా చుట్టూ కూర్చుని ఒక్కొక్కటీ విన్నాం. మొదటిది నొక్కగానే ఒక ముసలి గొంతు దగ్గి, తన పేరు చెప్పి, మాది పాకాల పక్కన ఫలానా పల్లె అంది. ఆ తర్వాత పాట ఎత్తుకుంది. రెండోదీ అంతే. మైకు పెడితే ఊరూ పేరూ చెప్పుకోవడం మర్యాద అనుకున్నారో ఏమో, ఎవరూ చెప్పమనకుండానే పందొమ్మిది మంది చెప్పారు. ఫైలు పేరు పోయినా పాట తన పేరు తానే చెప్పుకుంది. ఆ పిల్ల కళ్లు తుడుచుకుంటూ కాగితం మీద రాసుకుంది.

మిగిలిన ఆరింటికీ చెవులే ఆధారం. ఒకదాంట్లో వెనక రైలు కూత, ఒకదాంట్లో బోరు మోటారు చప్పుడు. ఒకామె పాట మధ్యలో కోడలిని పేరు పెట్టి పిలిచింది. వాళ్ల అవ్వ ఒక పాటలోని మాట పట్టుకుని, ఈ మాట కార్వేటినగరం పక్కవాళ్లే అంటారు అంది. ఫోను చేస్తే నిజమే అయింది. వారం రోజుల్లో అయిదు తేలాయి.

ఆ వారంలోనే మా ఇంట్లో కొత్త పద్ధతులు రెండు వచ్చాయి. ఒకటి, ప్రతి పాటకూ మూడు కాపీలు. రెండు వేరు వేరు రకాల వాటిలో, మూడోది ఇంకో ఊళ్లో. మా తమ్ముడి ఇల్లు చిత్తూరులో ఉంది, అక్కడ ఒక డిస్కు. రాసింది సరిగ్గా చదవగలుగుతున్నామా అని నెలకోసారి తెరిచి చూస్తాం. రెండోది ఆ పిల్ల తనంతట తాను పెట్టుకున్న నియమం. రికార్డరు నొక్కగానే ముందు తన గొంతుతో తేదీ, ఊరు, పాడే ఆమె పేరు, ఏ పనిలో పాడే పాట, ఎవరి దగ్గర నేర్చుకుంది చెబుతుంది. పాట అయ్యాక మళ్లీ ఒకసారి ఊరి పేరు. తలలో ఒకటి, చివర ఒకటి.

ఇంకా ఒక్క పాట మిగిలి ఉంది. నాలుగు నిమిషాలు. చెనక్కాయలు చిట్లుతున్న చప్పుడు, దాని లయలోనే పాట. పాట ఆగగానే ఒక చిన్నపిల్ల గొంతు, "అవ్వా, ఇంకోటి పాడు" అంటుంది. అక్కడితో ఆగిపోతుంది. పాడినామె ఎవరో మా మనవరాలికి ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. ఆరోజు ఐరాల పక్క మూడు పల్లెలు తిరిగిందట.

ఆదివారం మేమిద్దరం పొద్దున బస్సుకే పోతున్నాం. ఫోన్లో పాట ఎక్కించుకుంది. మొదటి పల్లెలో రచ్చబండ దగ్గర పెట్టి వినిపిస్తాం. పెద్దవాళ్లు గుర్తుపట్టకపోయినా, ఇంకోటి పాడమని అడిగిన ఆ పిల్ల తన గొంతు తాను గుర్తుపడుతుంది.